హస్తవాసిని ఎవరు కొన్నారు?

హస్తవాసి అనే మాటని ఇంగ్లీషులోకి తేవడం కష్టమని బీఏలో మా తెలుగు మేడమ్ అనేవారు. జబ్బు అదే, మందూ అదే, కానీ ఫలానా డాక్టరు గారి చేతుల మీదుగా ఇస్తేనే తగ్గుతుంది. అదీ హస్తవాసి. ఇన్నేళ్ళకి నాకు దానికి ఇంగ్లీషు మాట దొరికింది. బీకాం చదువుతున్న మా అమ్మాయి అకౌంట్స్ పుస్తకంలో! ఒక కంపెనీ ఇంకో కంపెనీని కొన్నప్పుడు భవనం, యంత్రాలు, మంచాలు అన్నిటికీ విలువ కట్టి, అప్పులు తీసేసి, దానికన్నా ఎంత ఎక్కువ డబ్బు ఇచ్చారో చూస్తారట. ఆ పై డబ్బుని 'గుడ్‌విల్' అని పద్దు రాస్తారట. ఆ పేరు మీద జనానికున్న నమ్మకానికీ, అలవాటుకీ కట్టిన ధర అన్నమాట.

ఆస్పత్రి అమ్మకంలో ఆ పద్దు కింద ఉన్నది ఎవరో తెలుసా? మనమే. రాత్రి పన్నెండింటికి మామగారికి ఆయాసం వస్తే "ముందు ఫలానా ఆస్పత్రికి పదండి" అని తేల్చేది ఏ ఇంట్లోనైనా ఎవరు? ఈసీజీ కాగితాలు తారీఖుల వారీగా ఫైల్లో పెట్టి బీరువాలో చీరల కింద దాచేది ఎవరు? పక్కింటావిడ మోకాళ్ళు పట్టుకుని కూర్చుంటే "మా అత్తయ్యకి అక్కడే చేయించాం, బాగా నడుస్తున్నారు" అని చెప్పేది ఎవరు? ఏ ఆస్పత్రికైనా పేరు వచ్చిందంటే అందులో సగం డాక్టర్ల పని, సగం ఆడవాళ్ళ నోటి మాట. ఆ పేరు ఇప్పుడు వందల కోట్లకి చేతులు మారుతోంది. అమ్మేవాళ్ళకి తెలుసు, కొనేవాళ్ళకి తెలుసు. మనకి మాత్రం ఎవరూ చెప్పరు. నా గొడవంతా ఇదే.

మనకి బాగా తెలిసిన పేరే తీసుకుందాం. కేర్. నాంపల్లిలో, బంజారాహిల్స్‌లో ఉంది, మనకి దగ్గరగా ముషీరాబాద్‌లోనూ ఉంది. నిమ్స్‌లో గుండె డాక్టరుగా పేరు తెచ్చుకున్న సోమరాజు గారు తోటి డాక్టర్లతో కలిసి 1997లో పెట్టిన సంస్థ ఇది. అబ్దుల్ కలాం గారితో కలిసి తక్కువ ధరకి దొరికే స్టెంట్ తయారు చేసింది ఈయనే. కలాం-రాజు స్టెంట్ అని పేపర్లలో చదివే ఉంటారు. పరాయి దేశం నుంచి తెచ్చే స్టెంట్ ధర మామూలు మనిషికి అందదు కాబట్టి మనమే చేసుకుందాం అనుకున్న మనిషి పెట్టిన ఆస్పత్రి అంటే జనం నమ్మరూ? నమ్మారు.

ఆ తరవాత సంగతి చూడండి. 2012లో అమెరికాకి చెందిన యాడ్వెంట్ అనే పెట్టుబడి సంస్థ అందులో పెద్ద వాటా కొంది. 2016 జనవరిలో ఆ వాటా దుబాయ్‌లోని అబ్రాజ్ అనే సంస్థకి వెళ్ళింది. పేద దేశాల్లో ఆస్పత్రులు నడుపుతామని ఆ అబ్రాజ్ ఒక పెద్ద నిధి పోగేసింది. బిల్ గేట్స్ ఫౌండేషన్ కూడా అందులో డబ్బు పెట్టింది. మా డబ్బు ఎక్కడుందో చూపించండి అని పెట్టినవాళ్ళే అడగడం మొదలెట్టేసరికి గుట్టు బయటపడింది. 2018లో అబ్రాజ్ కుప్పకూలింది. 2019 ఏప్రిల్‌లో దాని అధిపతి ఆరిఫ్ నఖ్వీని లండన్‌లో అరెస్టు చేశారు. ఆ నిధి అజమాయిషీ మళ్ళీ ఒక అమెరికా సంస్థకి, టీపీజీకి వెళ్ళింది. దానికి ఎవర్‌కేర్ అని పేరు మార్చారు. 2023లో అందులోంచి బ్లాక్‌స్టోన్ అనే ఇంకో అమెరికా సంస్థ కేర్‌లో డెబ్భై శాతం పైన వాటా కొంది. 2024 నవంబరులో, కేర్‌ని నడిపే క్వాలిటీ కేర్ కంపెనీని ఆస్టర్ డీఎంలో కలుపుతున్నామని ప్రకటించారు. కలిపితే 38 ఆస్పత్రులు, పదివేల పైన పడకలు.

మధ్యలో కేర్ తనూ కొంటూ వచ్చింది. ఇండోర్‌లో సీహెచ్‌ఎల్, ఔరంగాబాద్‌లో సిగ్మా. తిరువనంతపురం కిమ్స్‌హెల్త్ కూడా ఇదే గొడుగు కిందకి వచ్చింది. (మన సికింద్రాబాద్ కిమ్స్ కాదు సుమా. దీనికీ దానికీ సంబంధం లేదు. ఈ మధ్య ఒక పేరంటంలో ఇద్దరు ఈ విషయం మీదే పావుగంట వాదించుకున్నారు.)

పన్నెండేళ్ళలో ఎన్ని చేతులు మారిందో వేళ్ళ మీద లెక్కపెట్టండి. ముషీరాబాద్ వైపు వెళ్ళే బస్సులో కూర్చుని బయటికి చూసే మనకి మాత్రం కనిపించేది అదే పేరున్న బోర్డు. పెట్టిన సోమరాజు గారు కూడా తరవాత గచ్చిబౌలి ఏఐజీకి వెళ్ళిపోయారు. కేర్‌లో వైద్యం పాడైందని నేను అనడం లేదు. ఆ మాట అనడానికి నా దగ్గర ఆధారం లేదు, మంచి డాక్టర్లు అక్కడ ఎంతోమంది ఉన్నారు. నేనడిగేది వేరు. అబ్రాజ్ కూలిన ఆ 2018లో అక్కడ స్టెంట్ వేయించుకున్న వాళ్ళలో ఎంతమందికి తెలుసు, తాము పడుకున్న మంచం యజమాని దుబాయ్‌లో దివాలా తీస్తున్నాడని?

కేర్ ఒక్కటే కాదు. లక్డీకాపూల్ గ్లోబల్ ఆస్పత్రిని రవీంద్రనాథ్ గారు పెట్టారు. కాలేయ మార్పిడి అంటే ఒకప్పుడు అందరూ ఆ పేరే చెప్పేవారు. 2015లో మలేసియాకి చెందిన ఐహెచ్‌హెచ్ కంపెనీ అందులో 73.4 శాతాన్ని 1,284 కోట్లకి కొంది. మాదాపూర్‌లో మాక్స్‌క్యూర్ అని ఉండేది. స్వీడన్ కంపెనీ మెడికవర్ అందులో మెల్లమెల్లగా వాటా పెంచుకుంది, ఇప్పుడు బోర్డే మెడికవర్ అయింది. అమీర్‌పేట బంగారం షాపులు కూడా ఇంత వేగంగా చేతులు మారవు.

వీళ్ళు ఎందుకు కొంటారంటే, అమ్మడానికి. ఇది నా నింద కాదు, వాళ్ళ వ్యాపారమే అది, వాళ్ళే చెప్పుకుంటారు. పెట్టుబడి నిధి అంటే మన చీటీ లాంటిదే, కాలపరిమితి ఉంటుంది. ఎవరెవరి దగ్గరో డబ్బు తీసుకుంటారు, ఫలానా ఏళ్ళలో లాభంతో తిరిగి ఇస్తామంటారు. అందుకని నాలుగైదేళ్ళకో ఆరేళ్ళకో ఆస్పత్రిని ఎక్కువ ధరకి ఇంకొకరికి అమ్మాలి. ఆ ఇంకొకరు కూడా ఇంకా ఎక్కువకి అమ్మాలనే కొంటారు. ప్రతి కొనుగోలుకీ ధర పెరగాలంటే ఆ పెరుగుదల ఎక్కడో ఒకచోట నుంచి రావాలి కదా. ఆస్పత్రికి డబ్బు వచ్చే దారులు ఎన్ని? రోగి, రోగి బీమా, రోగి పేరు మీద ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్యశ్రీ. మూడిట్లోనూ ఉన్నది రోగే.

షేర్ మార్కెట్‌లో ఉన్న ఆస్పత్రి కంపెనీలు మూడు నెలలకోసారి లెక్కలు చెప్తాయి. అందులో ఒక అంకె కోసం అందరూ కాచుకుని కూర్చుంటారు. నిండిన ఒక్కో పడక మీద రోజుకి సగటున ఎంత రాబడి వచ్చింది అన్నది. దాన్ని ఆర్పాబ్ అంటారట. మా అబ్బాయి దాని గురించి చెప్పినప్పుడు ఏదో తినే వస్తువనుకున్నాను. దాని పక్కనే ఇంకో అంకె, రోగి సగటున ఎన్ని రోజులు ఉన్నాడని. మొదటిది పెరగాలి, రెండోది తగ్గాలి. ఆపరేషన్లూ స్కానులూ అన్నీ మొదటి రెండు మూడు రోజుల్లోనే. ఆ పైన మనిషి కోలుకోవడం తప్ప ఏమీ ఉండదు. కోలుకోవడానికి పెద్ద బిల్లు వేయలేరు. ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో టిఫిన్ సెంటర్ వాడు, ఒక్క కాఫీ చెప్పి గంటసేపు కబుర్లాడే వాళ్ళని ఎలా చూస్తాడో గుర్తు తెచ్చుకోండి. తొందరగా ఇంటికి పంపడం చాలాసార్లు మంచిదే, ఒప్పుకుంటాను. ఆస్పత్రిలో అనవసరంగా ఉంటే లేని జబ్బులు అంటుకుంటాయి. కానీ పంపాలా వద్దా అన్నది నాడి చూసి తేల్చాలి. పెట్టుబడిదారులకి చూపించే కాగితం మీద ఆ అంకె ఉండటం నాకు భయం.

నా అనుభవం ఒకటి చెప్తాను. ఆస్పత్రి పేరు చెప్పను, పైన రాసిన పేర్లలో వెతక్కండి. మా అత్తయ్యగారు పన్నెండేళ్ళు ఒకే డాక్టరు గారికి చూపించుకున్నారు. ఆయన ఈవిడ ముఖం చూసి "ఏమ్మా, మళ్ళీ పచ్చడి తిన్నారా?" అని అడిగేవారు. అంతటి చనువు. ఒకసారి వెళ్తే రిసెప్షన్‌లో కొత్త యూనిఫాం, కొత్త కంప్యూటర్లు, కొత్త అమ్మాయి. "ఆ సార్ ఇప్పుడు లేరండి. అదే డిపార్ట్‌మెంట్‌లో ఇంకో సార్ ఉన్నారు, అపాయింట్‌మెంట్ ఇవ్వమంటారా?" ఎక్కడికి వెళ్ళారని అడిగితే చెప్పకూడదట. పాత రిపోర్టులు కంప్యూటర్లో చూసుకోమంటే, అవి పాత సాఫ్ట్‌వేర్‌లో ఉండిపోయాయి, మేనేజ్‌మెంట్ మారింది కదా అంది. అలా నోరు జారబట్టే మాకు మేనేజ్‌మెంట్ మారిన సంగతి తెలిసింది! పన్నెండేళ్ళ రక్తపరీక్షల చరిత్ర వాళ్ళ దగ్గర లేదు. మా బీరువాలో ఉంది. కొత్త డాక్టరు పాపం మంచివాడే. కానీ మొదటి పరీక్ష నుంచి అన్నీ మళ్ళీ రాశాడు. ఆయన తప్పేముంది, ఆయనకి ఈవిడ కొత్త పేషెంటు. మా అత్తయ్య మటుకు ఇంటికొచ్చి రెండు రోజులు ముభావంగా ఉన్నారు. పుట్టింటికి వెళ్తే తలుపు తీసినవాళ్ళు "ఎవరు కావాలి?" అన్నట్టుందట ఆవిడకి.

మా మరిది సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాడు. ఈ మాటలు ఎత్తితే వాదిస్తాడు. "వదినా, ఒక్క స్కానింగ్ మిషను ఎన్ని కోట్లో తెలుసా? డాక్టరు జేబులోంచి పెడతాడా? పెట్టుబడి వద్దంటే మళ్ళీ గుండె ఆపరేషన్‌కి వెల్లూరు రైలెక్కాలి" అంటాడు. అతని మాటలో నిజం ఉంది. ప్రతాప్ రెడ్డి గారు 1983లో మద్రాసులో అపోలో పెట్టినప్పుడు, ఆ తరవాత 1988లో జూబ్లీహిల్స్‌లో పెట్టినప్పుడు, డబ్బు పోగెయ్యకుండా ఒక్క ఇటుక కూడా లేచేది కాదు. పెద్ద ఆస్పత్రి వచ్చాక మన ఊళ్ళో బతికినవాళ్ళు ఎంతమంది లేరు! డబ్బు తీసుకురావడం మీద నాకు కోపం లేదు. నా ప్రశ్న ఆ డబ్బుకి గడువు ఎంత అని. పాతికేళ్ళు ఇక్కడే ఉండి సంపాదించుకుంటానన్న డబ్బు వేరు, ఐదేళ్ళలో రెట్టింపు చేసుకుని పోతానన్న డబ్బు వేరు.

కొనడం అంతా ఒక్కటి కాదన్నదీ చెప్పాలి. 2021లో కిమ్స్ వాళ్ళు సన్‌షైన్ ఆస్పత్రిలో 51 శాతం సుమారు 363 కోట్లకి తీసుకున్నారు. కిమ్స్ నడిపేది భాస్కరరావు గారు, డాక్టరు. సన్‌షైన్ పెట్టింది గురవారెడ్డి గారు, డాక్టరు, అందులోనూ 'గురవాయణం' రాసిన మన తెలుగు రచయిత. అమ్మిన తరవాత కూడా ఆయన అక్కడే కొనసాగారు. మోకాలి ఆపరేషన్ కోసం ఆయన్ని వెతుక్కుంటూ వెళ్ళినవాళ్ళకి ఆయనే కనిపించారు. బోర్డు మీద కూడా కిమ్స్-సన్‌షైన్ అని ఇద్దరి పేర్లూ పెట్టారు. అది కూడా షేర్ మార్కెట్ కంపెనీయే, ఆ మూడు నెలల లెక్కలు వాళ్ళకీ తప్పవు. అయినా కొన్నవాళ్ళు ఎవరో, పెట్టినవాళ్ళు ఎవరో బోర్డు చూస్తే తెలుస్తుంది. అంతమాత్రం మర్యాద అందరూ ఎందుకు పాటించరు?

నాది ఉత్త అనుమానం అంటారేమో. అమెరికాలో ఈ వ్యవహారం మనకన్నా ముందు మొదలైంది కాబట్టి వాళ్ళు లెక్కలు తీశారు. ఇలాంటి పెట్టుబడి సంస్థలు కొన్న ఆస్పత్రులనీ, కొననివాటినీ పోల్చి 2023 డిసెంబరులో అక్కడి పేరున్న వైద్య పత్రిక 'జామా'లో అచ్చువేశారు. కొన్న ఆస్పత్రుల్లో, చేరిన తరవాత రోగికి కొత్తగా వచ్చే ఇబ్బందులు - మంచం మీంచి పడిపోవడం, ఎక్కించిన గొట్టాల దగ్గర ఇన్‌ఫెక్షన్ - మిగతావాటితో పోలిస్తే సుమారు 25 శాతం పెరిగాయట. మంచం మీంచి పడిపోవడం అంటే ఏమిటో మనకి వివరించక్కర్లేదు. పిలిచినప్పుడు నర్సు రాకపోతే ముసలివాళ్ళు తామే లేచి బాత్రూముకి వెళ్ళబోయి పడతారు. నర్సులు ఎందుకు రాలేదో ఆ పత్రిక నాకు చెప్పక్కర్లేదు. వార్డులో ఎంతమంది ఉండేవారో, ఎంతమందిని ఉంచారో లెక్కపెడితే చాలు.

మన దగ్గరా లెక్కలు లేకపోలేదు. 2018లో మందుల ధరల్ని చూసే కేంద్ర సంస్థ ఎన్‌పీపీఏ ఢిల్లీ చుట్టుపక్కల నాలుగు ప్రైవేటు ఆస్పత్రుల బిల్లులు తిరగేసింది. కొన్ని వస్తువుల మీద లాభం 1,737 శాతం దాకా ఉందని తేల్చింది. రూపాయి వస్తువుకి పదిహేడు రూపాయల పైన లాభం! అదే సంస్థ 2017లో మందు పూసిన స్టెంట్‌కి 29,600 రూపాయలకి మించకూడదని ధర కట్టింది. అంతకుముందు లక్ష దాటి తీసుకున్నవాళ్ళున్నారు. ధర కడితే ఆస్పత్రులు మూతపడ్డాయా? లేదు కదా.

"నచ్చకపోతే గాంధీకి వెళ్ళండి" అంటారు కొందరు. చిక్కడపల్లి నుంచి గాంధీ ఆస్పత్రి ఎంత దూరం, ఆటోలో పది నిమిషాలు. 2017-18 జాతీయ నమూనా సర్వేలో ప్రభుత్వ ఆస్పత్రిలో చేరితే సగటు ఖర్చు 4,452 రూపాయలు, ప్రైవేటులో 31,845. ఇంత తేడా ఉన్నా మనం ప్రైవేటుకే వెళ్తున్నామంటే మోజుతో కాదు, గాంధీలో మంచం దొరుకుతుందో లేదో అన్న భయంతో. మా వీధిలో ఒక డాక్టరమ్మ నర్సింగ్ హోం ఉండేది, పది మంచాలు. మా పెద్దమ్మాయి అక్కడే పుట్టింది. ఆవిడ పెద్దదైపోయి మూసేస్తే నడపడానికి ఎవరూ ముందుకు రాలేదు. ఇప్పుడక్కడ స్టడీ హాలు, గ్రూప్ వన్ పిల్లలు రాత్రింబవళ్ళు చదువుతుంటారు. అశోక్ నగర్‌లో ఇక స్టడీ హాలు కానిది ఏముంది గనక! అటు గాంధీ, ఇటు కార్పొరేటు, మధ్యలో ఉండే ఆ పది మంచాలు లేకుండా పోయాయి. కొనేవాళ్ళ ధైర్యం కూడా అదే. మనం ఎక్కడికీ పోలేమని వాళ్ళకి తెలుసు.

ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ ఒకటిన యూనియన్ బ్యాంకులో కలిసింది. ఆ ముందూ వెనకా మా ఇంటికి ఎన్ని మెసేజీలు, ఎన్ని ఉత్తరాలు! కొత్త చెక్కు పుస్తకం, కొత్త ఐఎఫ్‌ఎస్‌సీ. పట్టాభి సీతారామయ్య గారు పెట్టిన బ్యాంకు పోయిందని బాధపడ్డాం, కానీ పోయిందని మాకు చెప్పారు. మన డబ్బు ఎవరి చేతిలో ఉందో చెప్పాలన్న నియమం ఉంది. మన ఒళ్ళు ఎవరి చేతిలో ఉందో చెప్పాలన్న నియమం లేదు. ఆస్పత్రి కంపెనీ చేతులు మారేటప్పుడు వాటాదారులు ఓటేస్తారు, పెద్ద లావాదేవీ అయితే ఢిల్లీలో కాంపిటీషన్ కమిషన్ చూస్తుంది, స్టాక్ ఎక్స్ఛేంజీకి తెలియజేస్తారు. పేషెంటు ఎక్కడా లేడు.

నేనేమీ గొంతెమ్మ కోరికలు కోరడం లేదు. కిరాణా కొట్లో పావుకిలో ఆవకాయ సీసా కొంటే దాని మీద తయారు చేసినవాళ్ళ పేరు, చిరునామా, ధర, ఎప్పుడు చేశారో అన్నీ ఉండాలి. లేకపోతే నేరం. ఆస్పత్రి గేటు దగ్గర, బిల్లు మీద అంతపాటి రాత చాలు. ఈ ఆస్పత్రిలో పెద్ద వాటా ఎవరిది, ఎప్పటినుంచి. యజమాని మారితే పాత పేషెంట్లకి ఒక్క మెసేజీ. డాక్టరు వెళ్ళిపోతే ఎక్కడికి వెళ్ళారో అడిగినవాళ్ళకి చెప్పడం. చేతులు మారిన రోజు నుంచి పాత రికార్డులు కనీసం పదేళ్ళు భద్రంగా ఉంచడం, ఆ బాధ్యత కొన్నవాళ్ళదే అని రాయించుకోవడం. ఈ మాత్రం చట్టం తేవడానికి అసెంబ్లీకి ఒక పూట పట్టదు.

అది వచ్చేలోపు మన చేతిలో ఉన్నవి కొన్ని ఉన్నాయి, చాలామందికి తెలియవు కాబట్టి రాస్తున్నాను. 2010 నాటి క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం కింద కేంద్రం 2012లో చేసిన నియమాల్లో, ఏ సేవకి ఎంత రేటో అందరికీ కనపడేచోట ఇంగ్లీషులోనూ స్థానిక భాషలోనూ రాసి పెట్టాలని ఉంది. మన దగ్గర స్థానిక భాష అంటే తెలుగే కదా, ఆ బోర్డు ఎక్కడుందని అడగండి. నేను అడిగితే ఒకచోట లిఫ్టు పక్కన ఉన్న వినాయకుడి పటాన్ని చూపించారు! బోర్డు దాని వెనకాల ఉందేమో అనుకున్నా. లేదు. 2002 నాటి వైద్యుల నియమావళి ప్రకారం మన రికార్డులు అడిగిన 72 గంటల్లో ఇవ్వాలి. నోటితో అడిగితే రేపు రమ్మంటారు, కాగితం మీద రాసి, తారీఖు వేసి, ఇంకో కాపీ మీద ముద్ర వేయించుకోండి. మందులు తమ దుకాణంలోనే కొనాలని ఒత్తిడి చేస్తే, ఎక్కడైనా కొనుక్కునే హక్కు మనదని మానవ హక్కుల కమిషన్ తయారు చేసిన పేషెంట్ల హక్కుల పత్రంలో ఉందని చెప్పండి.

డిశ్చార్జి రోజున ఒరిజినల్ రిపోర్టులు వాళ్ళ దగ్గరే ఉంచేసుకోబోతారు, బీమాకి కావాలంటారు. జిరాక్సులు మీకిచ్చి పంపేస్తారు. అక్కడ మొహమాటపడకండి. బీమాకి ఒరిజినల్ తప్పదంటే, ఒక్కో కాగితం మీద ఆస్పత్రి ముద్ర, సంతకంతో కాపీ తీసుకుని, లెక్కపెట్టుకుని బయటికి రండి. బయట వెయిటింగ్‌లో ఆటో వాడు హారన్ కొడుతున్నా సరే.